కథ ఆగొద్దు బిడ్డా!

'బలగం' చూసి మీరు ఏడ్చారా, లేదా? నిజం చెప్పండి!

నేనైతే ఏడ్చాను. 2023 మార్చిలో సినిమా విడుదలైన మొదటి వారంలోనే కరీంనగర్‌లో చూశాను. చివర్లో బుర్రకథ దంపతులు కొమురమ్మ, మొగిలయ్య చనిపోయిన పెద్దాయన గురించి పాడుతుంటే హాలంతా ముక్కులు చీదుకుంటున్న చప్పుడే! పక్క సీట్లో కాలేజీ కుర్రాడు సెల్‌ఫోన్ వెలుగులో రుమాలు వెతుక్కున్నాడు. వాడికి దొరకలేదు, నాకూ దొరకలేదు.

కానీ నా ఏడుపు వెనక ఇంకో సంగతి ఉంది.

నాకప్పుడు పన్నెండేళ్ళు. సిరిసిల్ల దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరు. ఎండాకాలం సెలవులు. పక్క వాడకట్టులో మల్లన్న పట్నాలు వేసి ఒగ్గు కథ పెట్టించారు. అమ్మమ్మ చాప పరిచి, నాకోసం పక్కన జాగా ఉంచింది. నేనేమో "ఆ డోలు మోత ఎవరు వింటరే!" అని దోస్తులతో టౌన్లో సెకండ్ షోకు పారిపోయాను. తిరిగొచ్చేసరికి రెండు దాటింది. కథ ఇంకా నడుస్తూనే ఉంది. నేను మాత్రం దాని పక్కనుంచే పోయి ముసుగు తన్నాను.

పొద్దున అమ్మమ్మ తిట్టలేదు. "సిన్మ రేపు గూడ ఉంటది కొడుకా. గీ మనుషులు మల్లొస్తరో రారో" అంది. అంతే!

ఆమె పోయి పదేళ్ళు దాటింది. ఆ రాత్రి కాదనుకున్నదాన్నే ఇన్నేళ్ళ తర్వాత టిక్కెట్టు కొనుక్కుని తెర మీద విన్నాను. ఏడుపు రాదూ మరి? సంచిలో రెండు జతల బట్టలు, ఒక నోటు పుస్తకం పెట్టుకుని బయల్దేరాను.

రాజన్న ఊరు దాటితే...

కరీంనగర్ నుంచి వేములవాడ బస్సులో సుమారు గంట. పేరుకు ఇప్పుడిది రాజన్న సిరిసిల్ల జిల్లా. 2016లో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను ముక్కలు చేశారు గానీ, బస్సులో ఎవర్నడిగినా ఇప్పటికీ "కరీంనగరే" అంటారు. రాజన్న గుడి దగ్గర భక్తులు కోడెను పట్టుకుని ప్రదక్షిణ చేసే కోడె మొక్కు చూడాల్సిందే. అది చూసి, ఒక కప్పు చాయ్ తాగి, హన్మాజీపేట ఆటో ఎక్కాను.

ఈ ఊరి పేరు సినిమా పాటల ప్రేమికులకు కొత్త కాదు. డాక్టర్ సి. నారాయణరెడ్డి 1931లో పుట్టింది ఇక్కడే! 1962లో 'గులేబకావళి కథ'తో సినిమా పాటలోకి అడుగుపెట్టి, 1988లో 'విశ్వంభర'కు జ్ఞానపీఠం అందుకున్న సినారె చిన్నప్పుడు హరికథలు, జంగం కథలు, పల్లె పాటలు వింటూ పెరిగారు. అంటే నాలా సెకండ్ షోకు పారిపోలేదన్నమాట!

ఇదే ఊరు ఇంకో పెద్ద కళాకారుణ్ణి కూడా ఇచ్చింది. ఆయనే ఒగ్గు కథ మిద్దె రాములు. వరంగల్ వైపు ఒగ్గు కథ అంటే సంగీత నాటక అకాడమీ అవార్డు గ్రహీత చుక్క సత్తయ్య పేరు ఎలా చెప్తారో, కరీంనగర్ వైపు మిద్దె రాములు పేరు అలా చెప్తారు. వాకిట్లో చాప మీద కూర్చున్నవాళ్ళకు చెప్పే కథను ఆయన 1990లో మారిషస్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల దాకా తీసుకెళ్ళారు. 2010లో కన్నుమూశారు. ఒకే ఊరి నుంచి ఒకరు కలంతో, ఒకరు కథతో బయల్దేరారు. కలం పట్టినాయన పాటలు మనందరికీ కంఠతా వచ్చు. కథ చెప్పినాయన పేరు మనలో ఎందరికి తెలుసు?

డోలు తాత

ఆ చుట్టుపక్కల పల్లెలో ఒక తాతను కలిశాను. డెబ్బై పైనే ఉంటాయి. భుజాన గొంగడి, చేతిలో కర్ర. "పేరు రాయకు బిడ్డా. నా ఒక్కని పేరు రాస్తే ఎట్ల? రాస్తే మా మేళంల అందరి పేర్లు రాయాలె" అన్నాడు. అందుకే రాయడం లేదు.

ఒగ్గు అంటే శివుడి డమరుకం. దాన్ని మోగిస్తూ చెప్పేది కాబట్టి ఒగ్గు కథ. కురుమల ఇంట మల్లన్న కథ, బీరప్ప కథ, ఇంకా ఎల్లమ్మ కథ. ముగ్గుతో, రంగు పొడులతో పట్నం వేసి, దేవుడి పెళ్ళి చేసి, రాత్రంతా కథ చెప్తారు. ముందు ఒకరు కథ నడిపిస్తే, పక్కనొకరు ఊకొడుతూ, అడ్డు ప్రశ్నలేస్తూ నవ్విస్తారు. వెనక డోలు, తాళాలు, కంజిర, సన్నాయి లాంటి నపీర. మెడలోని గుడ్డ తల మీదికి లాక్కుంటే కథకుడే ఎల్లమ్మ. మళ్ళీ నడుముకు చుడితే వీరుడు. మేకప్ మ్యాన్ అక్కర్లేదు, కట్ చెప్పే డైరెక్టరూ అక్కర్లేదు!

తాత ఎనిమిదేళ్ళప్పుడు గొర్ల వెంట పోయే పిల్లగాడు. మేనమామ మేళంలో తాళం చేతికిచ్చారు. రెండేళ్ళకు కంజిర. మీసాలొచ్చేసరికి డోలు. ఒక పక్క పుల్లతో, ఇంకో పక్క చేత్తో వాయించే ఆ డోలు బరువుకు భుజం మీద కాయ కాసింది. చొక్కా పక్కకు తీసి చూపించాడు కూడా! నపీర ఊదే మనిషి జబ్బు పడితే ఒక ఎండాకాలమంతా బుగ్గలు నొప్పి పుట్టేలా సాధన చేసి అదీ నేర్చాడు. నలభై ఏళ్ళొచ్చాక కథ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇన్ని వాయిద్యాలు ఎందుకు నేర్చుకున్నవు తాతా? ఏదో ఒక్కటి పట్టుకుంటే దాంట్లో పెద్దోడివి అయ్యేటోనివి గద!" అన్నాను, పత్రికల వాళ్ళకుండే తెలివి చూపిస్తూ.

తాత నన్ను జాలిగా చూశాడు. "పెద్దోన్నయితందుకు నేర్వలే బిడ్డా. డోలోడు రాకుంటె డోలు, తాళమోడు రాకుంటె తాళం. ఒగనికి జరమొస్తది, ఒగని ఇంట్ల సావైతది. గంతమాత్రాన కథ ఆగుతదా? మల్లన్న పెండ్లి సగంల ఆపుతవా? కథ ఆగొద్దు బిడ్డా!"

చెప్పొద్దూ, నా పెన్ను ఆగిపోయింది!

"ఒకప్పుడు మూడు రాత్రుల కథ. టీవీలొచ్చినంక ఒక్క రాత్రి. ఇప్పుడేమో స్టేజీ మీద పది నిమిషాలు, అది గూడ పెద్దసారు వచ్చేదనుక" అని నవ్వాడు తాత. ఆయన డోలు తోలు చిరిగి ఏడాదైందట. గోడకు తగిలించి ఉంది. మంచం పట్టె మీద వేళ్ళతో దరువు వేసి చూపించాడు. నులక మంచం కూడా అంత బాగా పలుకుతుందని నాకు తెలీదు!

అమెరికాలోనూ ఇదే కథ

తాత మాటలు వింటుంటే అమెరికా కొండ పల్లెల బ్లూగ్రాస్ సంగీతం గుర్తొచ్చింది. బాంజో, ఫిడేలు, మాండలిన్, గిటార్ ఇందులో ముఖ్యం. ఒకే మనిషి అవసరాన్ని బట్టి చేతులు మార్చి మూడు నాలుగు వాయించడం అక్కడా మామూలే. బాంజో మూలాలు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వాళ్ళవి. కెంటకీకి చెందిన బిల్ మన్రో తన బృందానికి పెట్టిన 'బ్లూ గ్రాస్ బాయ్స్' అన్న పేరే ఆ సంగీతానికి నిలిచింది.

ఆ పల్లె సంగీతాన్ని లోకానికి వినిపించింది కూడా సినిమానే! 1967లో 'బానీ అండ్ క్లైడ్' సినిమాలో కార్ల ఛేజింగ్‌కు ఎర్ల్ స్క్రగ్స్ బాంజో మోగితే కుర్రకారు వెర్రెత్తిపోయారు. 2000లో వచ్చిన 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' పాటల ఆల్బమ్ ఏకంగా గ్రామీ అవార్డుల్లో ఆ ఏటి మేటి ఆల్బమ్ అయింది. కాకపోతే ఒక తేడా ఉంది. అక్కడ సినిమా చూసినవాళ్ళు రికార్డులు కొన్నారు, కచేరీలకు టిక్కెట్లు తెంపారు. మనం? ఫోన్లో రింగ్‌టోన్ పెట్టుకున్నాం!

గోదావరి దాటి గోండుల ఊరికి

జగిత్యాల, ధర్మపురి మీదుగా రాయపట్నం వంతెన ఎక్కితే కింద గోదావరి. అటు గట్టు దిగితే పాత ఆదిలాబాద్ జిల్లా. జన్నారం దాటాక రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు, కవ్వాల్ పులుల అడవి. బస్సులో సీటు పక్కన మేకపిల్ల. అడవి గాలి చల్లగా ఉంది గానీ మేకపిల్ల నా నోటు పుస్తకం అంచు నమిలేసింది!

నేను పోయింది పుష్య అమావాస్యకు, ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతరకు. గోండుల్లో మెస్రం వంశం వాళ్ళు జన్నారం దగ్గరి హస్తినమడుగులో గోదావరి నీళ్ళు ముంచుకుని, కాలినడకన తెచ్చి నాగోబాకు అభిషేకం చేస్తారు. కొత్త కోడళ్ళను దేవుడికి పరిచయం చేసేదీ ఇక్కడే. దాన్ని భేటింగ్ అంటారు.

'ఆర్‌ఆర్‌ఆర్'లో మీరు చూసిన కొమురం భీం ఈ గడ్డ మనిషే. సినిమాలోది కల్పన గానీ, 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు ఒరిగిన భీం నిజం. అన్నట్టు, అల్లాణి శ్రీధర్ 'కొమరం భీం' సినిమా 1990లో తయారై 2010లో గానీ విడుదల కాలేదు. దానికి సంగీతం ఇచ్చింది 'మా భూమి' దర్శకుడు గౌతమ్ ఘోష్!

మర్రిచెట్ల కింద మెస్రం వాళ్ళ విడిది. అక్కడ విన్నాను కిక్రి. మూడు తీగల వాయిద్యం, విల్లుతో వాయిస్తారు. ఫిడేలంత సన్నగా ఉండదు, కాస్త బొంగురు. తాత గొంతులాగే!

కిక్రి వాయించేది ప్రధాన్లు, తోటీలు. గోండుల కులకథలన్నీ వీళ్ళ నోట్లోనే భద్రం. గుహలో చిక్కుకున్న దేవతలను పహండి కుపార్ లింగో విడిపించిన కథ దగ్గర్నుంచి ఏ వంశం ఎక్కణ్ణుంచి వచ్చిందో దాకా అన్నీ వాళ్ళే చెప్పాలి. ఏ ప్రధాన్ కుటుంబం ఏ గోండు కుటుంబానికి పాడాలో తరాల నుంచి ఏర్పాటు ఉంది. పూజకు, చావుకు వాళ్ళు రావాల్సిందే. బదులుగా ధాన్యం, బట్టలు, ఒక్కోసారి పశువు ఇచ్చేవాళ్ళు. ప్రొడ్యూసర్, మ్యూజిక్ డైరెక్టర్ సంబంధం అనుకోండి, అగ్రిమెంటు కాగితం మాత్రం ఉండదు!

నాతో వచ్చిన గోండు కుర్రాడు బడిపంతులు. అతనే మాటలు తర్జుమా చేశాడు. కిక్రి వాయించిన పెద్దాయన కాసేపటికి దాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టి డోలు ఎత్తుకున్నాడు. ఇంకాసేపటికి పెప్రె ఊదాడు. పొడుగు బూర కాలికోమ్ మాత్రం మనవడికిచ్చాడు, దమ్ము చాలడం లేదని. నేను మళ్ళీ అదే ప్రశ్న వేశాను. "దాదా, అన్నీ మీరే వాయిస్తారేం?"

పంతులు అడిగి చెప్పాడు. "పూజకు ఏది కావాల్నో అది వాయిస్తరట సార్. మనిషి లేడని దేవుణ్ణి నిలబెడతమా అంటున్నడు."

గోదావరికి ఇటొక మాట, అటొక మాట అనుకున్నాను. రెండూ ఒకటే!

"మీ కథలన్నీ సెల్‌లో రికార్డు చేస్తే పోవు గదా దాదా?" అన్నాను. మనవడు అప్పటికే చేశాడట. పెద్దాయన మాత్రం తల అడ్డంగా ఊపాడు. సెల్‌కు కథ చెప్తే 'ఊ' అనదట. ఊకొట్టే మనిషి లేకపోతే కథ చెప్పబుద్ధి కాదట.

పేరొచ్చింది, మరి కూడు?

తిరుగు బస్సులో లెక్కలు వేశాను. 'భీమ్లా నాయక్' పాటలో కిన్నెర వినిపించిన నాగర్‌కర్నూల్ వైపు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి వెళ్తున్నారని పత్రికలు రాశాయి. 'బలగం' మొగిలయ్య అదే ఏడాది డిసెంబరులో కన్నుమూశారు. నెమలి ఈకల టోపీ పెట్టుకుని ఆడే గుస్సాడీకి 2021లో పద్మశ్రీ తెచ్చిన మర్లవాయి కనకరాజు కూడా 2024 అక్టోబరులో పోయారు.

సినిమాను తప్పు పట్టడం లేదు. సినిమా లేకపోతే నేను ఈ బస్సే ఎక్కేవాణ్ణి కాదు. కానీ సినిమా తీసుకునేది రాత్రంతా సాగే కథలో నాలుగు నిమిషాల పాట. మిగతా రాత్రి ఎవరు వింటారు? డోలుకు తోలు ఎవరు వేయిస్తారు?

తాత ఊళ్ళో మళ్ళీ దిగాను. తోలుకు డబ్బులివ్వబోతే ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. "పైసలు తర్వాత చూద్దాం గని, ఎల్లుండి మల్లన్న పట్నాలున్నయి. ఒక్క రాత్రి కూసో" అన్నాడు.

కూర్చున్నాను. డోలు పక్క ఊరి నుంచి అడిగి తెచ్చారు. రెండింటి దాకా బాగానే విన్నాను. మూడింటికి తల వాలిపోతోంది. తాత కథ మధ్యలోనే నా దగ్గరికొచ్చి తాళాలు చేతిలో పెట్టాడు. "నిద్రొస్తె తాళం వట్టు!"

పట్టాను. రెండుసార్లు దెబ్బ తప్పాను. ఆడవాళ్ళు నవ్వారు. తాత నావైపు చూడకుండానే డోలు మీద ఇంకో దరువు వేసి నా తప్పు కప్పేశాడు. కథ ఆగలేదు. తెల్లారేసరికి మల్లన్న పెళ్ళయింది. నా పక్కన చాప మీద ఒక ముసలమ్మ మనవణ్ణి ఒళ్ళో వేసుకుని ఊకొడుతూనే ఉంది. ఆ పిల్లాడు మాత్రం ఎప్పుడో నిద్రపోయాడు. పోనీలెండి, సెకండ్ షోకైతే పోలేదు!

తోలు డబ్బులు ఆ పొద్దున తాత తీసుకున్నాడు. "ఇప్పుడు తీసుకుంట. రాత్రి నువ్వు గూడ మా మేళమే గద" అన్నాడు.

మీ ఊళ్ళో ఎప్పుడైనా డోలు మోగితే ఆ ఒక్క రాత్రి సెకండ్ షో మానుకోండి. సినిమా రేపు కూడా ఉంటుంది. మా అమ్మమ్మ మాట అది.