ఫ్యూజు ఎప్పుడు పోతోంది?



ఈసారి ఇంగ్లిషు గ్రామర్ గురించి కాకుండా మా నాన్నగారి పాత బండి గురించి రాస్తున్నాను. చివరికి పిల్లల దగ్గరికే వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

అది 2003లో కొన్న 100 సీసీ బండి. నేను బీఈడీలో చేరిన రోజున నాన్న దాని తాళం నా చేతిలో పెట్టారు. మొన్న వానాకాలంలో దానికో జబ్బు పట్టుకుంది. ఉన్నట్టుండి హారన్ మోగదు, ఇండికేటర్లు వెలగవు, బ్రేకు లైటు రాదు. సైడ్ ప్యానెల్ తీసి చూస్తే ఫ్యూజు పోయి ఉండేది. కొత్తది వేస్తే మర్నాటికి మళ్లీ అదే కథ. అలాంటి పాత బండ్లలో చాలావాటికి ఇంజను నడవడానికి బ్యాటరీతో పనిలేదు, మాగ్నెట్ నుంచి వచ్చే కరెంటు చాలు. అందుకే కిక్ కొడితే స్టార్టయ్యేది, నేను స్కూలుకు వచ్చేసేవాణ్ణి. రెండు వారాల్లో ఐదు ఫ్యూజులు మార్చాను.

ఆరోది కొనడానికి వెళ్తే, పక్కన నిలబడ్డ ఒకాయన "పెద్ద ఆంపియర్లది వేసెయ్యండి సార్, ఇక పోదు" అన్నారు. 10 ఆంపియర్ల ఫ్యూజు ఉండాల్సిన చోట 20ది వేశాను. నిజంగానే పోలేదు. మూడో రోజు సాయంత్రం ట్రాఫిక్‌లో హెడ్‌లైటు వెనక నుంచి ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. దానికి జానెడు దూరంలోనే పెట్రోలు ట్యాంకు. గబుక్కున తాళం తిప్పి ఆపేసి, బండిని రోడ్డు పక్కకు తోసుకెళ్లాను. చాలాసేపటి దాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

మా వీధి చివర ఉండే మెకానిక్ భాయ్ ఆ ఫ్యూజు చూసి ముందు నన్నే మందలించారు. "ఫ్యూజు మీకు శత్రువా మాస్టారూ? వైరింగ్ తగలబడకూడదని అది కాలిపోతోంది. దాన్ని గట్టిది చేస్తే, కాలేది వైరే కదా!"

తర్వాత ఒక ప్రశ్న అడిగారు. "ఎప్పుడు పోతోంది?"

"రోజూ పోతోంది భాయ్."

"రోజూ సరే. ఏం చేస్తున్నప్పుడు?"

నా దగ్గర జవాబు లేదు. ఐదు ఫ్యూజులు మార్చాను గానీ, ఒక్కసారి కూడా ఆ సంగతి గమనించలేదు.

ఆయన చేసిన పని మీ పిల్లలకు కూడా చెప్పండి, సైన్సులో పనికొస్తుంది. బ్యాటరీ నెగటివ్ వైరు బండి ఛాసిస్‌కు కలిపి ఉంటుంది. పాజిటివ్ వైరు తొడుగు ఎక్కడైనా అరిగి ఛాసిస్‌కు తగిలితే, కరెంటు హారన్ దాకా వెళ్లకుండా అక్కడే అడ్డదారి పడుతుంది. ఆ దారిలో నిరోధం దాదాపు లేదు కాబట్టి కరెంటు ఒక్కసారిగా పెరిగి ఫ్యూజు కరిగిపోతుంది. అదే షార్ట్ సర్క్యూట్. భాయ్ ఫ్యూజు తీసేసి, దాని స్థానంలో 12 వోల్టుల, 21 వాట్ల బ్రేకు లైటు బల్బు కలిపారు. ఆ బల్బు గుండా రెండు ఆంపియర్ల లోపే కరెంటు పోతుంది కాబట్టి వైర్లకు ప్రమాదం లేదు. షార్ట్ ఉంటే బల్బు పూర్తి కాంతితో వెలుగుతుంది.

తాళం తిప్పితే బల్బు వెలగలేదు. సీటు కుదిపారు, వెలగలేదు. బ్రేకు వైర్లు కదిపారు, వెలగలేదు. హ్యాండిల్ ఎడమకు తిప్పగానే భగ్గున వెలిగింది! మన స్కూలు గేటులోకి రావాలంటే ఎడమకే తిరగాలి. రోజూ నా ఫ్యూజు అక్కడే పోతోందన్నమాట.

హ్యాండిల్ అలాగే పట్టుకోమని నాకు చెప్పి, హెడ్‌లైటు విప్పి, కనెక్టర్లు ఒక్కొక్కటిగా ఊడదీశారు. మూడోది తీయగానే బల్బు ఆరింది. అది హారన్ వైరు. దాని వెంట వేలితో తడుముకుంటూ వెళ్తే, ఫ్రేము అంచు దగ్గర తొడుగు అరిగి రాగి బయటపడి ఉంది. అక్కడ ఒక ప్లాస్టిక్ ట్యాగు బిగించి ఉంది. వేసవిలో మొబైల్ ఛార్జర్ పెట్టుకున్నప్పుడు అందంగా ఉండాలని వైర్లన్నీ కలిపి గట్టిగా లాగి కట్టింది నేనే. హ్యాండిల్ తిరిగినప్పుడల్లా ఆ వైరు అంచుకు రాసుకుంటోంది.

ఆ రాత్రి నాకు బండి కంటే మా ఆరో తరగతి పాప ఒకతి ఎక్కువ గుర్తొచ్చింది. వాళ్లమ్మగారి అనుమతితోనే రాస్తున్నాను. రీడింగ్‌కు లేపితే ఆ పాప నోరు విప్పేది కాదు. డైరీలో మూడుసార్లు "ఇంట్లో రీడింగ్ ప్రాక్టీస్ చేయించండి" అని రాశాను. వాళ్లమ్మగారు రాత్రిపూట ఇంకో గంట కూర్చోబెట్టేవారు. పాప ఏడ్చేది. ఇద్దరం కలిసి ఫ్యూజును పెద్దది చేస్తూ పోయాం.

మర్నాటి నుంచి "ఎప్పుడు?" అని గమనించడం మొదలుపెట్టాను. నా టేబుల్ దగ్గర చదువుతుంది. నలుగురి గుంపులో చదువుతుంది. క్లాసంతా వింటుండగా నిలబడి చదవమంటేనే మూగబోతుంది. మెల్లగా పక్కన కూర్చుని అడిగితే చెప్పింది. జూన్‌లో 'ఐలాండ్' అనే మాటను 'ఇస్లాండ్' అని చదివిందట. నేను "ఆ ఊరికి మనమెప్పుడు వెళ్దాం?" అన్నానట. అందరూ నవ్వారు. అప్పటి నుంచి తోటి పిల్లలు తనను 'ఇస్లాండ్' అని పిలుస్తున్నారు.

నాకు ఆ మాటే గుర్తులేదు. ఆ ట్యాగు కూడా నేను కట్టిందే.

క్లాసులో అందరి ముందు ఆ పాపకు సారీ చెప్పాను. నేను బీఈడీ డెమో క్లాసులో 'రిసీట్'ను 'రిసీప్ట్' అని చదివి, మా మేడమ్ ముందు తలదించుకున్న సంగతి కూడా చెప్పాను. అంతటితో అంతా మారిపోలేదు. మూడు వారాలు పట్టింది. గత శుక్రవారం నిలబడి నాలుగు లైన్లు చదివింది. ఐదో లైనుకు గొంతు తగ్గింది. "చాలమ్మా, కూర్చో" అన్నాను.

అందుకే మీకో చిన్న విన్నపం. మీ బాబు మొండికేస్తున్నా, పాప ముభావంగా ఉంటున్నా, ట్యూషన్ గంటలు పెంచే ముందు ఒక్క వారం గమనించండి. ఏ రోజున, ఏ సబ్జెక్టు ముందు, ఎవరు ఏమన్నాక అలా అవుతోందో రాసిపెట్టుకోండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల కంటే ముందు ఆ కాగితం నాకు చూపించండి. అందులో నా పేరున్నా ఫర్వాలేదు, దాచకుండా రాయండి.