కొరియా కారం... లింగంపల్లి అల్లం!

లింగంపల్లి స్టేషన్‌లో ఎంఎంటీఎస్ దిగి, కొండాపూర్ మీదుగా హైటెక్ సిటీకి వెళ్లే దారి పట్టుకుని పది కిలోమీటర్లలోపే ప్రయాణించండి. ఈ చివర మార్కెట్లో గోనెపట్టాల మీద పోసిన అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర కట్టలు. ఆ చివర ఏసీ సూపర్ మార్కెట్ల అరల్లో ఎర్రటి డబ్బాలు, నల్లటి సీసాలు, అట్టల్లా పలచగా ఉన్న ఆకుపచ్చ కాగితాలు. వాటి మీద కొరియా, జపాన్, థాయ్, చైనా అక్షరాలు. ఆ అర ముందు నిలబడ్డ ఇంటిల్లిపాదికీ ఒకటే సందేహం... ఇందులో మనకు పనికొచ్చేవేమిటి?

మొదటిసారి వెళ్లినవాళ్లు సాధారణంగా రెండు రకాలుగా బయటికొస్తారు. కొందరు ఏమీ కొనకుండానే వచ్చేస్తారు. మరికొందరు బుట్ట నింపేస్తారు. నెల తర్వాత ఆ సీసాలన్నీ ఫ్రిజ్ తలుపులో మూతకు జిగురు పట్టి కనిపిస్తాయి. ఈ రెండింటికీ మధ్య ఓ మూడో దారి ఉంది. అది మన పోపులపెట్టె దగ్గర మొదలవుతుంది.

ఇక్కడికెలా వచ్చాయి?

2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసేదాకా శేరిలింగంపల్లి విడి మున్సిపాలిటీ. 1974లో ఏర్పాటైన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గచ్చిబౌలి బండల మధ్య ఎంతోకాలం దాదాపు ఒంటరిగానే ఉండేది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక కథ మారింది. కొండలు తొలిచి కంపెనీలు లేచాయి. కొరియా కంపెనీ హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం హైటెక్ సిటీ రైల్వే స్టేషన్ దగ్గరే ఉంది. మణిపూర్, నాగాలాండ్, మిజోరం, అస్సాం నుంచి చదువులకూ ఉద్యోగాలకూ వచ్చిన యువతీ యువకులు ఈ చుట్టుపక్కల కాలనీల్లో అద్దెకుంటున్నారు. విదేశాల్లో కొన్నేళ్లు ఉండి తిరిగొచ్చిన తెలుగు కుటుంబాలూ ఇక్కడే స్థిరపడ్డాయి. వీళ్లందరి నాలుకలూ కలిసి ఆ అరలను నింపాయి. ఆపైన కొరియా సీరియళ్లు తోడయ్యాయి. తెరమీద నాయిక ఆవిర్లు కక్కే నూడుల్స్ తింటుంటే, ఇక్కడ టీవీ ముందున్న పిల్లలు 'అమ్మా, అది కావాలి' అనకుండా ఉంటారా!

ముందు మీ వంటిల్లు వెతకండి

కొనడానికి బయల్దేరే ముందు ఇంట్లో ఏముందో చూసుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది. బిర్యానీలో వేసే అనాసపువ్వు ఎక్కడిదనుకున్నారు? ప్రధానంగా దక్షిణ చైనా, వియత్నాంలలో పండేది. థాయ్‌లాండ్ వాళ్ల ప్రసిద్ధ వంటకం 'ఫద్ థాయ్' నూడుల్స్‌కు పులుపునిచ్చేది చింతపండే. దాన్ని అందమైన సీసాలో గుజ్జుగా కొనక్కర్లేదు, మన జాడీలో ఉన్నది నానబెడితే చాలు. థాయ్ కూరలకు ప్రాణమైన 'గలంగల్' మన ఆయుర్వేద దుకాణాల్లో ఎండువేరుగా దొరికే దుంపరాష్ట్రమే. అయితే కూరకు పచ్చిది కావాలి. ఎండుది కషాయానికే బాగుంటుంది. లెమన్‌గ్రాస్ అంటే నిమ్మగడ్డి. ఓ పిలక తెచ్చి బాల్కనీ కుండీలో నాటితే మళ్లీ కొనే పని ఉండదు.

పిల్లలు ఎగబడే బబుల్ టీ సంగతీ అంతే. 1980ల్లో తైవాన్‌లో పుట్టిన ఆ పానీయంలోని నల్లటి ముత్యాలు కర్రపెండలం పిండితో చేసినవి. పెద్దాపురం, సామర్లకోట వైపు మిల్లుల్లో తయారయ్యే మన సగ్గుబియ్యానికీ ఆ దుంపే ఆధారం. ఇక, వియత్నాం 'రైస్ పేపర్' చూడగానే గోదావరి జిల్లాల వాళ్లకు పూతరేకు గుర్తుకురావాలి. మనవాళ్లు వేడెక్కిన బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జాలు పూసి రేకు తీస్తారు. వాళ్లు ఆవిరి మీద ఉడికించి ఎండబెడతారు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకు లోపలికి చక్కెర, నెయ్యి వెళ్తే, వియత్నాం రేకులోకి కూరగాయ ముక్కలూ ఆకుకూరలూ వెళ్తాయి. అంతే తేడా.

అల్లం, వెల్లుల్లి, ఉల్లికాడలు, కొత్తిమీర, క్యాబేజీ, నిమ్మకాయలు... ఇవన్నీ లింగంపల్లి మార్కెట్లోనో కూకట్‌పల్లి రైతుబజార్లోనో తాజాగా దొరుకుతాయి. వీటిని ప్లాస్టిక్ తొడుగు చుట్టిన ట్రేల్లో కొనడం ఎందుకు?

మొదటి బుట్టలో ఐదే!

మరి కొనాల్సినవేమిటి? మన వంటింట్లో బదులు దొరకనివి మాత్రమే. అవి ఐదు.

సోయా సాస్: సోయా గింజల్ని, గోధుమల్ని ఉప్పునీటిలో నెలల తరబడి పులియబెట్టి తీసే రసం ఇది. త్వరగా తయారుచేసే రసాయనిక పద్ధతి కూడా ఉంది కాబట్టి సీసా మీద 'నేచురల్లీ బ్రూడ్' అని ఉందేమో చూడండి. 'లైట్' అంటే ఉప్పు తక్కువని కాదు, రంగు తక్కువని. 'డార్క్' ప్రధానంగా రంగు కోసం. మొదటిసారికి లైట్ చాలు. గోధుమ పడనివాళ్లు దీనికి దూరంగా ఉండాలి.

వేయించిన నువ్వుల నూనె: మన గానుగ నూనె కాదిది. నువ్వుల్ని బాగా వేయించి తీస్తారు, అందుకే ముదురు రంగు, ఘాటైన వాసన. దీంతో పోపు పెట్టకూడదు. దించేముందు అర చెంచా... మనం పప్పులో నెయ్యి వేసుకున్నట్టు. చిన్న సీసా ఆరు నెలలొస్తుంది.

గోచుజాంగ్: కొరియా కారం ముద్ద. ఎండుమిరప పొడి, జిగురు బియ్యం, పులిసిన సోయా పొడి, ఉప్పు కలిపి మాగబెడతారు. కారంతో పాటు కాస్త తీపీ తగులుతుంది. గుంటూరు కారానికి అలవాటుపడ్డ నాలుకకు ఇది చెల్లెలు లాంటిది. మిరపకాయ పుట్టిల్లు మనదీ కాదు, కొరియాదీ కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వ్యాపారుల ద్వారా ఆసియాకు చేరింది. రెండు చోట్లా ఇంటి ఆడపడుచులా స్థిరపడింది.

బియ్యం నూడుల్స్: మైదా లేదు, నూనెలో వేయించిందీ కాదు. వేడినీళ్లలో నానబెడితే మెత్తబడతాయి. ఇడియాప్పం తినే ఇంట్లో వీటికి పరిచయం అక్కర్లేదు.

టోఫు: సోయా పాలను విరగ్గొట్టి చేసే పనీర్. మొదటిసారికి 'ఫర్మ్' అని రాసి ఉన్నది తీసుకోండి, ముక్కలు చితకవు. ప్యాకెట్ విప్పాక నీళ్లలో ఉంచి, రోజూ నీళ్లు మారుస్తూ, మూణ్నాలుగు రోజుల్లో వాడేయాలి.

ఇక ఆ రాత్రి వంట తేలిక. నూడుల్స్ నానబెట్టండి. బాణలి బాగా వేడెక్కాక వెల్లుల్లి, అల్లం, సన్నగా తరిగిన క్యారెట్, బీన్స్, క్యాబేజీ వేసి పెద్ద మంట మీద వేయించండి. టోఫు ముక్కలు, నూడుల్స్, నలుగురికి మూడు చెంచాల సోయా సాస్ వేసి కలపండి. దించాక నువ్వుల నూనె, పైన వేయించిన పల్లీలు. గోచుజాంగ్‌లో కాస్త బెల్లం, నిమ్మరసం కలిపి పక్కన పెడితే కారం కావాలన్నవాళ్లు అద్దుకుంటారు. నానమ్మకు కారం లేకుండా, మనవడికి ఎర్రగా... ఒకే బాణలి, ఒకే భోజనం.

చుక్క చూసి కొనండి

ఆ ఒకే భోజనం చెడిపోయేది ఎక్కడో తెలుసా? లేబుల్ చదవనిచోట. శాకాహారుల ఇళ్లకు ఇది చాలా పెద్ద విషయం. కిమ్చీ అంటే క్యాబేజీ పచ్చడే కదా అనుకుంటాం. సంప్రదాయ పద్ధతిలో దాన్ని ఊరబెట్టేటప్పుడు ఉప్పు రొయ్యలో చేప సాసో కలుపుతారు. థాయ్ కూర ముద్దల్లో చాలావాటిలో రొయ్యల ముద్ద ఉంటుంది. జపాన్ మీసో సోయాదే అయినా, మీసో సూప్ పొడిలో ఎండుచేప చేరుతుంది. ఆయిస్టర్ సాస్ పేరులోనే ఆల్చిప్ప ఉంది. పుట్టగొడుగులతో చేసే శాకాహార రకం వేరే దొరుకుతుంది.

మన దేశంలో అమ్మే ప్యాకెట్ మీద శాకాహారానికి పచ్చ చతురస్రంలో పచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చతురస్రంలో అదే రంగు త్రికోణం ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు నంబరుతో స్టిక్కర్ అంటించాలి. ఆ స్టిక్కర్ లేనిది ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. తేదీ దగ్గర మరో మెలిక. కొరియా, జపాన్, చైనాలలో ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు రాస్తారు. మనం వెనకనుంచి చదివితే గడువు దాటిన సీసా కొత్తదిలా కనిపిస్తుంది.

రొయ్యలు, పల్లీలు, నువ్వులు, సోయా పడనివాళ్లు ఇంట్లో ఉంటే అలెర్జీ హెచ్చరిక చదవకుండా ఏదీ బుట్టలో వేయొద్దు.

ఉప్పు లెక్క మరవద్దు

ఒక టేబుల్ స్పూను మామూలు సోయా సాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాములు దాటొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే అయిదు గ్రాముల ఉప్పుకన్నా తక్కువే. పిల్లలు ఇష్టపడే కొరియా నూడుల్స్ ప్యాకెట్లు చాలావాటిలో ఒక్కదాంట్లోనే ఒకటిన్నర గ్రాముల పైన సోడియం ఉంటుంది. మనమేమో మధ్యాహ్నమే ఆవకాయతో, అప్పడంతో ఆ కోటాలో సగం అవగొట్టి ఉంటాం! అందుకే సోయా సాస్ వేసిన వంటలో విడిగా ఉప్పు వేయొద్దు. నూడుల్స్ మసాలా పొట్లం సగమే వాడాలి. బీపీ ఉన్నవాళ్లకు ఆ పొట్లం అసలే వద్దు.

మన దేశపు రుచే

ఆసియా రుచులంటే సముద్రాలు దాటినవే కానక్కర్లేదు. ఈశాన్య రాష్ట్రాలవాళ్లు వాడే పులియబెట్టిన వెదురు కొమ్ములు, సోయా గింజలు, ఎండుచేపలు, నిప్పులాంటి రాజమిరపకాయలు నగరంలో వాళ్లు నడిపే చిన్న దుకాణాల్లో దొరుకుతాయి. వెదురు కొమ్ములు మనకేం కొత్త? వానాకాలంలో పాడేరు, అరకు సంతల్లో గిరిజనులు అమ్మేవే. పచ్చివైతే బాగా ఉడికించి ఆ నీళ్లు పారబోశాకే వండాలి. ఇలాంటి దుకాణంలో 'దీన్నెలా వండుతారు?' అని ఒక్క మాట అడిగి చూడండి. ఇంటికి దూరంగా ఉన్న మనిషికి తన ఊరి వంట గురించి చెప్పడం కన్నా సంతోషం ఏముంటుంది!

రేపు పరాయి ఊళ్లో...

ఈ పాఠం వంటింటితోనే ఆగదు. ఏటా ఎన్నో ఇళ్ల నుంచి పిల్లలు అమెరికా విమానం ఎక్కుతున్నారు. అక్కడ ఇండియన్ స్టోర్ దూరమైతే ఆదుకునేది ఆసియా స్టోరే. 1982లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఒక కొట్టుగా మొదలైన కొరియన్-అమెరికన్ సంస్థ హెచ్‌మార్ట్‌కు ఇప్పుడు డాలస్ పక్కనున్న కారల్టన్‌తో సహా అనేకచోట్ల పెద్ద దుకాణాలున్నాయి. అలాంటిచోట ముల్లంగి, పొడుగు వంకాయలు, కాకర, చామదుంపలు, అల్లం, సన్నటి పచ్చిమిర్చి దొరుకుతాయి. పేరు పలకడం రాకపోయినా రూపం చూసి పోల్చుకోవచ్చు. అయితే అక్కడి చట్టంలో పచ్చ చుక్క నిబంధన లేదు. ఆంచోవీ, బొనిటో అంటే చేపలనీ, ష్రింప్ అంటే రొయ్యలనీ, లార్డ్ అంటే పంది కొవ్వనీ, జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి వచ్చేదనీ తెలిసి ఉండాలి. వద్దనుకునేవాళ్లు వద్దనుకోవాలంటే ముందు ఆ మాటలు గుర్తుపట్టాలి కదా!

కాబట్టి సూట్‌కేసులో పచ్చళ్లు సర్దే ముందు, ఓ ఆదివారం పిల్లల్ని కొండాపూర్‌కో మాదాపూర్‌కో తీసుకెళ్లండి. ఐదు వస్తువుల చీటీ, సంచీ వాళ్ల చేతికే ఇవ్వండి. లేబుల్ వాళ్లనే చదవమనండి. తిరిగొచ్చేటప్పుడు మార్కెట్లో అల్లం, కొత్తిమీర బేరమాడి కొనే పనీ వాళ్లకే వదిలేయండి.