లాలాగూడ నుంచి కదిలిన పుస్తకం

లాలాగూడలో పొద్దున్నే నడక మొదలుపెడితే రైల్వే క్వార్టర్లు, వర్క్‌షాపు పొడవాటి గోడ చాలాదూరం వెంట వస్తాయి. నిజాం కాలం నుంచీ ఇక్కడ రైలుపెట్టెలు బాగవుతున్నాయి. ఆ గోడ పక్కన నడిచినప్పుడల్లా నాకు ‘రైలుబడి’ గుర్తొస్తుంది. పాత రైలుపెట్టెల్లో నడిచిన టోక్యో బడి కథను తెత్సుకో కురొయనాగి 1981లో పుస్తకంగా తెచ్చారు. బొమ్మలు చిహిరో ఇవాసాకివి. ఆమె 1974లోనే పోయారు. అంటే అవి ఆ కథ కోసం వేసినవి కావు, ఆమె వదిలివెళ్లిన పిల్లల బొమ్మల్లోంచి ఏరినవి. అయినా ఎక్కడా అతికించినట్టు ఉండవు. బొమ్మ కథ వెనకాలే నడవక్కర్లేదని, దానికీ సొంతంగా చెప్పేది ఉంటుందని నాకు తెలిసింది అక్కడే.

నేను వెళ్తున్నది తార్నాక ఒకటో నంబరు వీధిలోని ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థకి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్లు మాస్కోలో ఉండి సోవియట్ పుస్తకాల్ని తెలుగు చేసిన రోజుల్లో ప్రగతి, ఆ తర్వాత రాదుగ ప్రచురణాలయాల పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికేవి. సోవియట్ యూనియన్‌తోపాటే అవీ ఆగిపోయాయి. వాటిలో కొన్నిటిని మంచి పుస్తకం మళ్లీ అచ్చేసింది. ఎంత మేలు చేశారో! ఒక పుస్తకం తీసి, అక్షరాల మీద అరచెయ్యి పెట్టి బొమ్మలు మాత్రమే చదివాను. మంచులో ఎలుగుబంటి అడుగులు ఒక పేజీ అంచుదాకా వెళ్లి, తర్వాతి పేజీలో తేలాయి. పేజీ తిప్పడం కూడా కథలో భాగమే.

అక్కణ్నించి ఉస్మానియా క్యాంపస్‌కి. ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా చెట్టు నీడలో కూర్చుని సంచీలోంచి డ్రాయింగు కాగితం, కత్తెర, రంగులు తీశాను. కాగితానికీ ఒక వాటం ఉంటుంది. రెండువైపులా మెల్లగా వంచి చూస్తే ఎటు సులువుగా వంగుతుందో అదే దాని వాటం. అటే మడవాలి, ఎదురు మడిస్తే మడత పగులుతుంది. పొడవాటి ముక్కను ముందుకీ వెనక్కీ మడిచి, చెంచా వీపుతో ప్రతి మడతనూ నొక్కాను. ఒక్కో మడత ఒక్కో రైలుపెట్టె, పెట్టెకో కిటికీ. కిటికీలు కోస్తే వెనకపెట్టె బొమ్మ ముందుపెట్టెలోకి తొంగిచూస్తుంది. ఇటలీ చిత్రకారుడు బ్రూనో మునారి 1956లో ‘చీకటి రాత్రిలో’ అనే పుస్తకాన్ని నల్లకాగితం, అర్ధపారదర్శక కాగితం, కన్నాలతో నడిపించాడు. కానీ అంతదూరం ఎందుకు, మన చేర్యాలలో పటాలు వేసే నకాషీలు ఎప్పటినుంచో చేస్తున్నది ఇదే కదా! పద్మశాలీల మార్కండేయ పురాణం పటం విప్పుతూ పోతే కథ బట్ట మీదే నడుస్తుంది. తెలుగువాళ్ల బొమ్మల పుస్తకాల చరిత్రను 1947 నాటి చందమామతో మొదలుపెట్టడం నాకు అందుకే నచ్చదు.

తాతతో షికారుకొచ్చిన ఓ పాప నా పక్కన కూలబడింది. అడక్కుండానే మడతలన్నీ లాగి, కొసలు రెండూ కలిపి గుండ్రంగా నిలబెట్టింది.

“తాతా, ఇంజన్ ఏడికి పోయింది?”

“నువ్వే తిప్పుతున్నవ్ గద బిడ్డా, నువ్వే ఇంజన్” అన్నాడాయన.

అట్ట కోసం తెచ్చిన గట్టి కార్డును సంచీలోకి తోసేశాను. అట్ట వేస్తే మొదలూ చివరా వచ్చేస్తాయి, ఆ పాప ఆడిన ఆట పోతుంది. చుట్టూ కట్టడానికి ఓ దారం చాలు. తర్వాతి పుస్తకం గుడ్డ మీద చేస్తాను. చేర్యాలవాళ్లలాగే చింతగింజల అంబలి, సుద్ద పూసి ఆరబెట్టాలి.