రిజల్యూషన్ దగ్గర ఆగిన పని

జూన్ 9, టోక్యో

కొత్త పని వచ్చింది. ఆసుపత్రుల పాథాలజీ విభాగాలకు అమ్మే మైక్రోస్కోపు, దాని కెమెరా, సాఫ్ట్‌వేర్. మాన్యువల్ మొత్తం ఇంగ్లిష్ నుంచి జపనీస్‌లోకి. వెంట కంపెనీవాళ్ల గ్లాసరీ కూడా పంపారు. ఒక ఇంగ్లిష్ మాటకు ఒకే జపనీస్ మాట అన్నది అందులో మొదటి నియమం. మరలకీ మూతలకీ అది మంచిదే. కానీ ‘రిజల్యూషన్’కి ఎదురుగా ‘కైజోదో’ ఒక్కటే ఉంది. మానిటర్లూ ప్రింటర్లూ తప్ప వేరేవి ఎరగనివాళ్లు రాసినట్టుంది.

జూన్ 10

ఆబ్జెక్టివ్ లెన్సు పేజీలోనే చిక్కు మొదలైంది. దగ్గరదగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని లెన్సు ఎంతవరకు రెండుగా చూపగలదో, దాన్ని జపనీస్‌లో బుంకైనో అంటారు. బుంకై అంటే విడదీయడం, నో అంటే సామర్థ్యం. కైజోదో బొమ్మకి సంబంధించినది, అందులో వివరం ఎంత చిక్కగా ఉందో చెబుతుంది. మాన్యువల్‌లో ఒక హెచ్చరిక ఉంది: కెమెరా రిజల్యూషన్ ఎంత పెంచినా లెన్సు రిజల్యూషన్‌ని మించిన వివరం రాదని. గ్లాసరీ చెప్పినట్టు రెండుచోట్లా కైజోదో రాస్తే ఆ హెచ్చరిక పస పోతుంది. చదివే డాక్టరు ఇది మనిషి చేసిన అనువాదం కాదనుకుంటాడు. అనుకోవాలి కూడా.

ఇంకో తిరకాసు. నూనె చుక్క వేసి వాడే 1.4 న్యూమరికల్ అపెర్చర్ లెన్సుకి ఆకుపచ్చ వెలుగులో బుంకైనో సుమారు 0.24 మైక్రోమీటర్లు. రిజల్యూషన్ పెరిగిందంటే ఈ అంకె తగ్గినట్టు. అందుకని ‘పెరుగుతుంది’ అన్నచోటల్లా ‘మెరుగవుతుంది’ అనే అర్థం వచ్చేలా రాశాను.

జూన్ 12

కెమెరాకి కైజోదో, లెన్సుకి బుంకైనో అని గీత గీసుకుని కూర్చుంటే, అదే కెమెరాలో సిగ్నల్‌ని అంకెలుగా మార్చే ఏడీ కన్వర్టర్ 12 బిట్ల రిజల్యూషన్‌తో ఎదురైంది. అది మళ్లీ బుంకైనో. వస్తువుని చూసి మాట ఎంచుకోవడం కుదరదన్నమాట, అక్కడ జరిగే పనేమిటో చూడాలి.

సాఫ్ట్‌వేర్ అధ్యాయంలో ‘నేమ్ రిజల్యూషన్’. సర్వర్ పేరు ఇస్తే దాని ఐపీ అడ్రసు వెతికిపెట్టడం. ఇక్కడి నెట్‌వర్క్ ఇంజనీర్లు దీన్ని నమాఎ కైకెత్సు అంటారు, అంటే పేరుకి పరిష్కారం! పేరుకి ఏం కష్టమొచ్చిందో పాపం. అయినా వాళ్ల నోళ్లలో నలిగిన మాట, దిద్దడానికి నేనెవర్ని. ఐక్యరాజ్యసమితి తీర్మానం కెత్సుగి, కొత్త సంవత్సరం సంకల్పం హోఫు. అవి ఈ పుస్తకంలోకి రానందుకు సంతోషం.

పరాయి మాటల్ని శబ్దంగా రాసే కటకానా లిపిలో ఉన్నదున్నట్టు రాసేసి చేతులు దులుపుకోవచ్చు. ఆడియో పరికరాలవాళ్లు ‘హైరెజో’ అని అదే చేశారు, అమ్మకానికి బాగానే పనికొచ్చింది. మాన్యువల్‌లో మాత్రం నేను ఒప్పుకోను. మాన్యువల్‌లోనే ఉన్న ‘స్టేజ్’ అనే మాట సంగతి వేరు. గాజుపలక పెట్టే స్టేజ్ ఎలాగూ కటకానాలో సుతేజి. కేన్సర్ స్టేజ్‌ని బ్యోకి అని రాస్తారు, కానీ పైకి పలికితే అది ‘జబ్బు’ అనే బ్యోకితో ఒకటే. అందుకేనేమో ఆసుపత్రుల్లో నోటిమాటగా సుతేజి అనే వినిపిస్తుంది. రిపోర్టు గడిలో నేను బ్యోకి అనే రాశాను. కంజి అక్షరాల్లో చూసే కంటికి ఆ అనుమానం రాదు.

జూన్ 14

పొద్దుట్నుంచీ ముసురు. సుగితా గెన్‌పకు వాళ్ల ‘కైతై షిన్షో’ గురించి చదువుతూ కూర్చున్నాను. డచ్ శరీరశాస్త్ర పుస్తకానికి 1774 నాటి అనువాదం. పుస్తకం మొదట్లోనే తమ పద్ధతులు మూడని చెప్పుకున్నారు: ఉన్న మాట వాడటం, అర్థాన్ని బట్టి కొత్త మాట కట్టడం, రెండూ కుదరకపోతే శబ్దాన్నే రాయడం. మృదులాస్థికి నాంకొత్సు అని కట్టారు. గ్రంథికి డచ్‌లో ‘క్లీర్’, దాన్ని మాత్రం ‘కిరీరు’ అని శబ్దంగానే వదిలేశారు. 1805లో ఉదగావా గెన్‌షిన్ దానికోసం ఏకంగా ఒక కొత్త అక్షరమే కల్పించాడు: దేహాన్ని సూచించే గుర్తు పక్కన నీటి ఊట. చదవడం ‘సెన్’. మన గ్రంథిలో ఉన్నది ముడి, వాళ్ల దాంట్లో ఊట. అవయవం చేసే పనికి వాళ్లదే దగ్గర. కుదరనప్పుడు శబ్దాన్ని ఉంచి, తరవాతివాళ్లకి చోటు వదిలిన ఆ పెద్దల తీరు నాకు నచ్చింది.

జూన్ 17

కంపెనీకి రాశాను. ‘రిజల్యూషన్’ కింద మూడు వరసలు పెట్టి, ఒక్కోదానికీ ఎక్కడ వాడాలో ఉదాహరణ ఇచ్చాను. సాఫ్ట్‌వేర్ మాటల పట్టికలో ముందూ వెనకా ఏమీ లేకుండా ఒంటిగా ఒక ‘రిజల్యూషన్’ ఉంది. అది ఏ తెర మీద కనిపిస్తుందో చెబితే తప్ప ముట్టుకోనని కూడా రాశాను.

జూన్ 19

జవాబు వచ్చింది. మూడు వరసలూ ఒప్పుకున్నారు. ఆ ఒంటి మాట బొమ్మను సేవ్ చేసే విండోలోదట, కాబట్టి కైజోదో. ఇక ‘పవర్’. గ్లాసరీలో డెన్‌ర్యోకు ఒక్కటే ఉంది, అది కరెంటుకి. దీపం తినే వాట్లకి సరిపోతుంది. పాథాలజిస్టు ‘హై పవర్’లో, అంటే బాగా పెద్దది చేసి, చూడమంటే మాత్రం క్యోకకుదాయ్ కావాలి. ఈసారి వాళ్లు అడక్కముందే పట్టిక వేసి పంపాను.