గోదారి వెంట, కటాఫ్‌ల జాబితా పక్కన పెట్టి

త్ర్యంబకేశ్వరం కొండల్లో పుట్టిన గోదావరి నాసిక్ చేరకముందే గంగాపూర్ డ్యాం దగ్గర ఆగుతుంది. ఆ పక్కనే యశ్వంతరావు చవాన్ మహారాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1989 నాటిది. చుట్టూ ద్రాక్షతోటలు, ఉల్లి మార్కెట్లు. తెల్లారితే తోటకు పోక తప్పనివాడికీ, పిల్లల్ని బడికి పంపాక పుస్తకం తీసే ఇల్లాలికీ అది డిగ్రీ అందిస్తుంది. మనకు ఇదేం కొత్త కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే మొదలైంది, ఇప్పటి అంబేడ్కర్ వర్సిటీ అదే. అయినా పెళ్లిచూపుల్లో "రెగ్యులరా, డిస్టెన్సా?" అని అడగడం మానలేదు.

వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో మన ఇళ్లలో చూసేవి మూడే: పోయినేటి కటాఫ్, సిటీకి ఎంత దూరం, ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీ మీద ఎన్ని ఫొటోలు. ఆ కాలేజీ ఏ నేల మీద ఉంది, ఆ నేలతో దానికేం పని అని అడిగేవాళ్లు అరుదు. నది వెంట దిగి వస్తే ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల కాలేజీలు తగులుతూనే ఉంటాయి. పేరు మోగకపోవడమే వాటి నేరం.

నాందేడ్ శివార్లలోని విష్ణుపురిలో గోదావరికి బ్యారేజీ ఉంది. 1981లో మొదలైన శ్రీ గురు గోబింద్ సింగ్‌జీ ఇంజినీరింగ్ కాలేజీ కూడా అక్కడే. పత్తి పండే మరాఠ్వాడాలో టెక్స్‌టైల్ శాఖ నడుపుతోంది. కంప్యూటర్ సైన్స్ తప్ప మరో బ్రాంచి వినడానికి ఇష్టపడని మనవాళ్లు ఒక్కసారైనా అటు చూడరు. ఊళ్లోని పీపుల్స్ కాలేజీని హైదరాబాద్ విమోచన పోరాట నాయకుడు స్వామి రామానంద తీర్థ 1950లో స్థాపించారు. పీవీ నరసింహారావుకు గురుతుల్యుడాయన. అప్పటికి నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రంలోదే.

తెలంగాణలో అడుగు పెట్టగానే బాసర. సరస్వతమ్మ గుడిలో అక్షరాభ్యాసం చేయించి వెళ్లేవాళ్లలో చాలామందికి ఆ ఊళ్లోనే ఉన్న ట్రిపుల్ ఐటీ సంగతి పట్టదు. 2008లో పెట్టినప్పటి ఆలోచన సాహసమైనదే. పదో తరగతి మార్కులే అర్హత, సర్కారు బడి పిల్లలకు అదనపు వెయిటేజీ, రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్, అన్నీ ఒకే ఆవరణలో. ఇంటర్ కోచింగ్‌కు లక్షలు పోయలేని ఇంటికి ఇంతకంటే ఏం కావాలి? లోట్లు లేవనడం మాత్రం అబద్ధం. 2022 జూన్‌లో సౌకర్యాల కోసం వేలమంది పిల్లలు రోజుల తరబడి బైఠాయించారు. అందుకే ఇలాంటి చోట సీటు తీసుకునేముందు ఒక పూట వెళ్లి రావాలి. మెస్సులో భోంచేయాలి, పర్మనెంట్ అధ్యాపకులు ఎందరని సీనియర్లను అడగాలి. ఫ్లెక్సీ చెప్పని సంగతులు వాళ్లు చెబుతారు.

ధర్మపురి దాటాక నదికి ఇరువైపులా నేల కింద బొగ్గు. మంథని జేఎన్టీయూ కాలేజీ సింగరేణి వాళ్ల సెంటినరీ కాలనీలోనే ఉంది. ఇంకా దిగువన, నది నుంచి కాస్త లోపలికి, కొత్తగూడెం. రైల్వేస్టేషన్ బోర్డు మీద భద్రాచలం రోడ్డు అని ఉంటుంది కాబట్టి రాముడి దర్శనానికి వచ్చేవాళ్లు ఊరి పేరు కూడా గమనించరు. 1970ల్లో ఇక్కడ స్కూల్ ఆఫ్ మైన్స్ పెట్టారు. 2025లో దాన్ని భూవిజ్ఞాన విశ్వవిద్యాలయం స్థాయికి పెంచారు. మైనింగ్ చదివినవాడికి పట్టాతో పని అయిపోదు. బొగ్గు బాయిలో దిగి అనుభవం గడించాలి, గనుల భద్రతా శాఖ పెట్టే మేనేజర్ సర్టిఫికెట్ పరీక్ష గట్టెక్కాలి. సర్టిఫికెట్ లేనివాడికి గని అప్పగించరు. బాయి పక్కనే కాలేజీ ఉండటంలోని సుఖం ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

పాపికొండలు దాటితే రాజమండ్రి. వీరేశలింగం పాఠం చెప్పిన ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఇప్పటికీ నడుస్తోంది. వందేమాతరం ఉద్యమం రోజుల్లో, 1907లో, గాడిచర్ల హరిసర్వోత్తమరావును వెళ్లగొట్టిన ట్రైనింగ్ కాలేజీ కూడా ఈ ఊరిదే. అంత చరిత్ర ఉన్నా, ఇంజినీరింగ్ సీటు రానివాళ్లకే డిగ్రీ అన్న చిన్నచూపు పోలేదు.

నది దాటి కొవ్వూరు వస్తే అరటి పరిశోధన స్థానం, తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో 2007 నాటి ఉద్యాన విశ్వవిద్యాలయం. బైపీసీ పిల్లలు నీట్ తప్పాక వెటర్నరీ, అగ్రికల్చర్ అన్నీ చూసుకుని చివరికి హార్టికల్చర్ వైపు వస్తారు. నా మట్టుకు నాకు ఈ వరస తిరగేయాలనిపిస్తుంది. ఎందుకో అంబాజీపేటలో తెలుస్తుంది. ఈ ఉద్యాన వర్సిటీదే ఒక పరిశోధన స్థానం కోనసీమ నడిబొడ్డున ఆ ఊళ్లో ఉంది. కొబ్బరికి తెల్లదోమ పట్టినప్పుడు మట్ట వంచి చూడాలి. ఆకు అడుగున సుడులు తిరిగిన తెల్లటి మైనం, కింది మట్టల మీద మసి పూసినట్టు నల్లటి బూజు. రైతుకు వెంటనే మందు కొట్టాలనిపిస్తుంది. అంబాజీపేట ల్యాబు చెప్పే వైద్యం వేరు. దోమను తినే శిలీంధ్రాన్ని పెంచి ఇస్తారు, దోమ పిల్లల్లో గుడ్లు పెట్టే సన్నపాటి పరాన్నజీవి కందిరీగను తోటలో బతకనివ్వమంటారు. పురుగుమందు కొడితే ముందు చచ్చేది ఆ కందిరీగే. పిచికారీ డబ్బా భుజానికెత్తుకున్న రైతును ఆపి ఆ మాట ఒప్పించడమే ఇక్కడ చదువుకున్నవాళ్లకు అసలు పరీక్ష.