నోటి వాసనకు జవాబు ముక్కు దగ్గర

పిల్లల నోటి వాసన గురించి మాట్లాడాలంటే మనకు మొహమాటం. బిడ్డకు జ్వరమొస్తే పక్కింటికి వెళ్లి చెప్తాం. కడుపునొప్పి అంటే అక్కాచెల్లెళ్లకు ఫోన్ చేసి అడుగుతాం. "మా బిడ్డ నోరు వాసనొస్తుంది" అని మాత్రం ఎవరితోనూ అనం. అంటే "పళ్లు సరిగ్గా తోమించట్లేదా?" అని అడుగుతారని మనకు తెలుసు. అడిగేవాళ్లు మామూలుగానే అడుగుతారు కానీ, వినే తల్లికి మాత్రం తన పెంపకాన్నే వేలెత్తి చూపినట్టు ఉంటుంది. అందుకే ఈసారి దీని గురించే రాస్తున్నాను.

మా సిద్దిపేట వైపు దీపావళి దాటిందంటే వడ్ల కోతలు జోరుమీద ఉంటాయి. ఊళ్లలో హార్వెస్టర్లు తిరుగుతుంటాయి, రోడ్ల పక్కన వడ్లు ఆరబోసి ఉంటాయి, గాలి నిండా దుమ్ము. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ. ఆ నెలలో సర్ది అవ్వని ఇల్లు ఉండదు. పోయినసారి మా చిన్నదానికీ అయింది. అది మూడో తరగతి. మొదటి నాలుగైదు రోజులు ముక్కు కారడం, కాస్త ఒళ్లు వెచ్చబడటం, మామూలే అనుకున్నాం. జ్వరం తగ్గింది, బడికి పోవడం మొదలుపెట్టింది. ముక్కు మాత్రం దిబ్బడగానే ఉంది. రాత్రి పడుకోగానే దగ్గు.

ఆ రోజుల్లోనే అది మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. మా అత్తమ్మ ముందు చూసింది. "ఏందే, గట్ల చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నవ్?" అంటే జవాబు చెప్పలేదు. రాత్రి పక్కలో చేరాక నాకు మెల్లగా చెప్పింది. "అమ్మా, నా పక్కన కూసోరంట. నా నోరు వాసనొస్తదంట." మర్నాడు బడి డైరీలో టీచర్ రాసిన మాట కూడా వచ్చింది, రోజూ బ్రష్ చేయించమని.

మా ఇంట్లో పొద్దున, రాత్రి రెండు పూటలా పిల్లలు నా కళ్ల ముందే బ్రష్ చేస్తారు. నాలుక కూడా గీసుకుంటారు. అయినా సాయంత్రం బడి నుంచి వచ్చాక దగ్గరికి తీసుకుంటే వాసన తెలుస్తూనే ఉంది. నిద్ర లేవగానే ఎవరి నోరైనా వాసన వస్తుంది. రాత్రి లాలాజలం తక్కువగా ఊరుతుంది కాబట్టి అది మామూలే. బ్రష్ చేసి, టిఫిన్ తిన్నాక కూడా పోలేదంటే కారణం వేరే ఏదో ఉన్నట్టు. ముందు పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన పళ్లన్నీ చూసి, "పుచ్చు లేదమ్మా, చిగుళ్లు కూడా బాగున్నాయి" అన్నారు. తర్వాత పాపతో ఒక చిన్న పని చేయించారు. నోరు మూసుకుని ముక్కుతో గట్టిగా గాలి వదలమన్నారు. ఆ గాలిలోనూ అదే వాసన. "రాత్రి నోరు తెరిచి పడుకుంటుందా? సర్ది ఎన్ని రోజుల నుంచి?" అని అడిగారు. లెక్కపెడితే పన్నెండో రోజు. "ఇది పళ్ల సంగతి కాదు, పిల్లల డాక్టర్‌కు చూపించండి" అన్నారు.

పిల్లల డాక్టరమ్మ టార్చి వేసి గొంతు చూసింది. గొంతు వెనక గోడ మీదుగా చిక్కటి చీమిడి కిందికి జారుతూ ఉంది. సైనస్ ఇన్‌ఫెక్షన్ అని చెప్పింది. ఎక్స్‌రే అవసరం లేదంది. మందులు, ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు రాసింది. కోర్సు పూర్తయ్యేలోపే రాత్రి దగ్గు తగ్గింది, వాసన కూడా పోయింది. బ్రష్షూ, పేస్టూ మేం మార్చనేలేదు.

ముక్కుకూ నోటి వాసనకూ సంబంధం ఏమిటని మీరు అడగొచ్చు. నాకు డాక్టరమ్మ చెప్పింది మన ఇంటి భాషలో చెప్తాను. ముక్కు చుట్టూ, బుగ్గల వెనక, కళ్ల మధ్య, నుదుటి లోపల గాలి నిండిన చిన్న చిన్న గదులుంటాయి. అవే సైనస్‌లు, నాలుగు జతలు. "నాకు సైనస్ ఉంది" అని మనం జబ్బు పేరులా అంటాం కానీ అవి అందరికీ ఉండేవే. పిల్లలకు పుట్టినప్పుడే బుగ్గల దగ్గరివి, కళ్ల మధ్యవి చిన్నగా ఉంటాయి. నుదుటివి ఏడెనిమిదేళ్ల వయసులో రూపం దిద్దుకుని పదిహేను దాటేదాకా పెరుగుతాయి. ఆ గదుల్లో ఊరే పల్చటి జిగురు సన్నటి దారుల గుండా ముక్కులోకి జారిపోతుంది. సర్ది చేసినప్పుడు ఆ దారులు వాచి మూసుకుపోతాయి. మోరి జామైతే నీళ్లు నిలిచి ఎట్లా కంపు కొడతాయో, ఇక్కడా అంతే. నిలిచిన జిగురులో బ్యాక్టీరియా పెరుగుతుంది. అది గొంతు వెనక నుంచి నాలుక మొదటికి జారుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని తిని గంధకం వాసన వేసే వాయువులు వదులుతుంది. పైగా ముక్కు మూసుకుపోయిన పిల్ల నోటితో గాలి పీలుస్తుంది, నోరు ఎండిపోతుంది. కడిగే లాలాజలం లేక వాసన ఇంకా పెరుగుతుంది. బ్రష్ నాలుక మొదటిదాకా పోదు కదా!

మరి మామూలు సర్దికీ, సైనస్ ఇన్‌ఫెక్షన్‌కూ తేడా మనం ఎలా పట్టుకోవాలి? చాలామంది చీమిడి రంగు చూస్తారు. పచ్చగా మారితే యాంటీబయాటిక్ కావాలనుకుంటారు. మామూలు వైరస్ సర్దిలో కూడా మధ్యలో రెండు మూడు రోజులు పచ్చగా, చిక్కగా వస్తుంది. కాబట్టి రంగు కంటే రోజులు లెక్కపెట్టడం మేలు. క్యాలెండర్‌లో పాలవాడి లెక్క పక్కన సర్ది మొదలైన రోజు రాసుకోండి. పది రోజులు దాటినా ముక్కు కారడం గానీ, పగలు కూడా వచ్చే దగ్గు గానీ ఏమాత్రం తగ్గకపోతే చూపించాలి. తగ్గుతున్నట్టే ఉండి మళ్లీ జ్వరం, దగ్గు తిరగబెట్టినా చూపించాలి. మొదటి నుంచే 102 డిగ్రీల జ్వరం, చిక్కటి చీమిడి మూడు రోజులు వరసగా ఉన్నా అంతే. చిన్న పిల్లలు తలనొప్పి అని చెప్పలేరు. రాత్రి దగ్గు, నోటి వాసన, చిరాకు, పొద్దున లేవగానే కళ్ల కింద కాస్త ఉబ్బు, వీటిని బట్టే మనం గ్రహించాలి.

కంటి చుట్టూ ఎర్రగా వాచినా, కన్ను ముందుకు వచ్చినట్టు కనిపించినా, చూపు రెండుగా కనిపిస్తుందన్నా, మెడ పట్టేసి వాంతులతో మగతగా ఉన్నా మాత్రం పది రోజుల లెక్క మర్చిపోయి ఆ గంటే ఆసుపత్రికి పరుగెత్తాలి. సైనస్ ఇన్‌ఫెక్షన్ కంటికి గానీ, మెదడు వైపు గానీ పాకే గుర్తులవి. అరుదే కానీ ఆలస్యం చేయకూడనివి. మన సిద్దిపేటలో 2018 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, దాని ఆసుపత్రి ఉంది. రాత్రి పూట హైదరాబాద్ దాకా పోవాలా అని ఆలోచిస్తూ కూర్చోకుండా ముందు దగ్గరున్న పెద్దాసుపత్రికి చేరండి.

ఇక ఇంట్లో మనం చేసేవి. మా అత్తమ్మ వాము వేయించి, గుడ్డలో మూటకట్టి ఛాతీ మీద కాపడం పెడుతుంది. మిరియాల చారు చేసి వేడి వేడిగా తాగిస్తుంది. ఇన్‌ఫెక్షన్‌ను అవి తగ్గించకపోయినా, పిల్లకు హాయిగా ఉంటుంది, నాలుగు ముద్దలు ఎక్కువ తింటుంది. మూట వేడి ముందు మన చెంపకు ఆనించి చూసుకుంటే చాలు. ఆవిరి పట్టడం మాత్రం పిల్లలకు నేను ఒప్పుకోను. మరిగే గిన్నె ముందు దుప్పటి కప్పి కూర్చోబెడితే చిన్న కదలికకే గిన్నె ఒలికి కాళ్లు, పొట్ట కాలుతాయి. కర్పూరం వాసన వేసే బామ్‌లు రెండేళ్లలోపు పిల్లలకు అసలు రాయకూడదు. పెద్ద పిల్లలకైనా ముక్కు రంధ్రాల్లో పూయకూడదు. ముక్కులో నూనె పోయడం కూడా వద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే కొత్త రోగం.

ఉప్పునీటి చుక్కలు మెడికల్ షాపులో దొరుకుతాయి. నిద్రకు ముందు వేసి, కాసేపాగి చీదమంటే ముక్కు తేలికపడుతుంది. పెద్దవాళ్లు కొందరు జలనేతి చేస్తుంటారు. చేస్తే ఒక్క జాగ్రత్త. మన జిల్లాలోనే, గజ్వేల్ దగ్గర కోమటిబండలో 2016 ఆగస్టులో మిషన్ భగీరథ మొదలై ఇంటికి నల్లా వచ్చింది. ఆ నీళ్లు తాగుతాం, వండుకుంటాం. కానీ ముక్కులోకి పోసే నీళ్లు నల్లావైనా, బోరువైనా కళపెళ మరిగించి చల్లార్చినవే కావాలి. కేరళలో 2024, 2025లో మెదడును తినే అమీబా గురించి విన్నాం కదా, అది కడుపులోకి పోతే ఏమీ చేయదు. ముక్కులోంచి పోతేనే ప్రమాదం. ముక్కు దిబ్బడ వదిలించే మందు చుక్కలు కూడా పెద్దవాళ్లైనా నాలుగైదు రోజులకు మించి వాడకూడదు. వాడితే మానేసిన వెంటనే దిబ్బడ రెట్టింపై తిరిగొస్తుంది. పిల్లలకైతే డాక్టర్ చెప్పనిదే వేయొద్దు. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ సీసా తీసి పట్టించడం కూడా వద్దు.

నోటి వాసన అంతా సైనస్ వల్లే అని నేను అనను. ఎక్కువమంది పిల్లలకు కారణం నోట్లోనే ఉంటుంది. పుచ్చు పళ్లు, నాలుక మీద తెల్లటి పూత, రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటు. మూడేళ్లలోపు వాళ్లకు బియ్యపు గింజంత, ఆపైన బఠాణీ గింజంత పేస్టు చాలు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పక్కన మనం ఉండి తోమించాలి. టాన్సిల్స్ గుంతల్లో చిక్కుకున్న తెల్లటి ముక్కలు కూడా కంపు కొడతాయి. సర్ది లేకపోయినా ఏడాది పొడవునా నోరు తెరిచి, గురక పెట్టి పడుకునే పిల్లలకు ముక్కు వెనక అడినాయిడ్స్ పెరిగాయేమో చూపించుకోవాలి. పాలపళ్లే కదా, ఊడిపోతాయి అని పుచ్చును వదిలేయొద్దు. అంగన్‌వాడీలకూ, సర్కారు బడులకూ వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య డాక్టర్లు పళ్లు కూడా చూస్తారు. వాళ్లొచ్చిన రోజు పిల్లను తప్పకుండా బడికి పంపండి.

రెండు వాసనలు మాత్రం వేరు. ఒకే ముక్కు రంధ్రం నుంచి కంపు కొట్టే చీమిడి వస్తుంటే, అందులో ఏదో ఇరుక్కుందని అనుమానించాలి. రెండు మూడేళ్ల పిల్లలు పల్లీగింజ, చింతగింజ, పూస, స్పాంజి ముక్క, ఏది దొరికితే అది ముక్కులో దూర్చుకుంటారు, చెప్పరు. బొమ్మలోని బటన్ బ్యాటరీ అయితే కొన్ని గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. ఇంట్లో పిన్నుతో గెలకకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి పోవాలి. రెండోది, నోటి నుంచి పండిన పండులాంటి తియ్యటి వాసన. దానితో పాటు దాహం, మాటిమాటికీ ఒంటికి పోవడం, బరువు తగ్గడం ఉంటే అది షుగర్ జబ్బు కావొచ్చు. ఆరోజే రక్తం చూపించాలి.

మన ఆడవాళ్లకూ ఒక మాట. నెలకు రెండు మూడుసార్లు నుదురు, కళ్లు పగిలేలా నొప్పి వస్తే "నా సైనస్ లేచింది" అని మాత్ర వేసుకుని వంటింట్లోకి పోతాం. 2004లో అమెరికాలో ఇలా సైనస్ తలనొప్పి అనుకుంటున్న దాదాపు మూడు వేల మందిని పరీక్షిస్తే, 88 శాతం మందికి ఉన్నది మైగ్రేన్ తరహా నొప్పి. వెలుతురు, చప్పుడు భరించలేకపోవడం, వికారం ఉంటే అది మైగ్రేనేమో అడగండి. దాని మందులు వేరు. మనకు కూడా, ఒకవైపే ముక్కులోంచి కంపు వస్తుంటే పై దవడ పళ్లు చూపించుకోవాలి. ఆ పళ్ల వేర్లు బుగ్గ సైనస్‌కు ఆనుకునే ఉంటాయి.

మా పాపకు తగ్గాక కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఇంకో నెలపాటు పోలేదు. ఇన్‌ఫెక్షన్ పది రోజుల మందులకు పోయింది, ఆ మాట మాత్రం పోవడానికి అంతకాలం పట్టింది. మీ ఇంటికి ఆడుకోవడానికి వచ్చిన పిల్ల నోరు వాసన వస్తే, పదిమందిలో అనకండి, పిల్లతోనూ అనకండి. వాళ్లమ్మను పక్కకు పిలిచి, "అక్కా, సర్ది ఎన్ని రోజుల నుంచి ఉంది?" అని అడగండి. ఆమెకు అర్థమవుతుంది.