ల్యాప్‌టాప్‌ ఊరికొచ్చింది... బంతి ఇంకా రాలేదు!

పత్తి చేలు, మిర్చి తోటలు, ఎండాకాలం వస్తే ఎర్రగా మెరిసే కల్లాలు... వీరులపాడు అనగానే కళ్లముందు మెదిలేవి ఇవే. మున్నేరు, వైరా, కట్టలేరు పారే ఈ మెట్ట ప్రాంతం మొన్నటిదాకా కృష్ణా జిల్లా. 2022 ఏప్రిల్‌ నుంచి ఎన్టీఆర్‌ జిల్లా. పెద్ద బస్సు ఎక్కాలంటే నందిగామ వెళ్లాలి. అక్కణ్నుంచి ఇంకాస్త ముందుకెళితే జగ్గయ్యపేట. చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టుకున్న ఊరది. ఈ రెండింటినీ కలుపుతూ సాగిపోయేది విజయవాడ-హైదరాబాద్‌ జాతీయ రహదారి. ఒకప్పుడు దాని నంబరు 9, ఇప్పుడు 65.

ఈ రోడ్డు మీదే ఒక తరం పిల్లలు సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకుని హైదరాబాద్‌ వెళ్లారు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్‌ టవర్స్‌ ప్రారంభమయ్యాక ఆ వరస మరీ పెరిగింది. అప్పట్లో లెక్క ఒకటే... పని ఎక్కడుంటే మనిషి అక్కడికి వెళ్లాలి. ఇప్పుడా లెక్క మారింది. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్‌ మొదలైంది. 2020లో కరోనా వచ్చి కొలువులన్నిటినీ ఇళ్లకు పంపింది. వెబ్‌ డెవలపర్‌కి కావాల్సింది ఓ ల్యాప్‌టాప్‌, నెట్‌, కరెంటు పోతే ఆదుకునే ఇన్వర్టర్‌. వీటిని పెట్టుకోవడానికి హైటెక్‌ సిటీయే అక్కర్లేదు, ఊళ్లో మేడ మీది గది చాలు.

అబ్బాయి ఏం చేస్తాడు?
ఫ్రీలాన్స్‌ వెబ్‌ డెవలపర్‌ ఉన్న ఇంట్లో పెళ్లిచూపుల నాడు తప్పని ప్రశ్న ఇది. జవాబు చెప్పడమే కష్టం. వెబ్‌సైట్‌ని దుకాణం అనుకుంటే డొమైన్‌ పేరు దాని బోర్డు, హోస్టింగ్‌ అద్దెకు తీసుకున్న జాగా. హెచ్‌టీఎంఎల్‌తో గోడలు లేస్తాయి, సీఎస్‌ఎస్‌తో రంగులు పడతాయి. తలుపులు తెరవడం, బిల్లు కొట్టడం లాంటి పనులు జావాస్క్రిప్ట్‌, పీహెచ్‌పీ చూసుకుంటాయి. ఇదంతా కట్టిపెట్టే మేస్త్రీ వెబ్‌ డెవలపర్‌. ఒక కంపెనీ కింద కాకుండా ఎవరు పనిస్తే వాళ్లకి కట్టిస్తే ఫ్రీలాన్సర్‌.

ఒకటో తారీకు జీతం ఉండదు. పీఎఫ్‌ ఉండదు. జ్వరం వస్తే సెలవు ఇచ్చేవారూ ఉండరు, ఆ రోజు సొమ్ము ఇచ్చేవారూ ఉండరు. ఒక నెల చేతినిండా పని, మరుసటి నెల ఫోను మోగదు. పట్నంలో పెరిగినవాళ్లకు ఇది గుండెదడే కానీ, మెట్ట రైతు ఇంట్లో పుట్టినవాడికి కొత్తేం కాదు. పత్తి వేసిన తండ్రికీ అంతేగా... పెట్టుబడి ముందు, రాబడి తర్వాత. ధర చెప్పేది అవతలివాడు!

రెండు కొలువులకూ ఒకే వేళ
పనిచ్చేవాళ్లు లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఉంటే వాళ్ల పగలు మనకు రాత్రి. అక్కడే ఫుట్‌బాల్‌ పరిచయమవుతుంది. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 3 గంటలకు మొదలయ్యే లీగ్‌ మ్యాచ్‌ మనకు వేసవి వేళల్లో రాత్రి 7.30కి, చలికాలంలో 8.30కి వస్తుంది. రాత్రి 9 గంటల ఛాంపియన్స్‌ లీగ్‌ మ్యాచ్‌ అయితే అర్ధరాత్రి దాటాక 12.30కో 1.30కో. ఊరంతా నిద్రపోయాక ఒక కిటికీలో కోడ్‌, ఇంకో కిటికీలో ఆట. గోల్‌ పడితే గట్టిగా అరవడానికి లేదు, పక్కగదిలో నాన్న లేస్తారు. సాయంత్రం మైదానమంటే క్రికెట్‌, వాలీబాల్‌, కబడ్డీ అనే పల్లెల్లో ఆఫ్‌సైడ్‌ గురించి మాట్లాడుకోవడానికి తోడు దొరకడమూ కష్టమే.

మరి తెరమీద కాకుండా కళ్లారా చూడాలంటే? మళ్లీ అదే రోడ్డు. జగ్గయ్యపేట, కోదాడ, సూర్యాపేట మీదుగా 200 కిలోమీటర్ల పైమాటే... గచ్చిబౌలి.

రహీం నేర్పిన నగరం
గచ్చిబౌలి స్టేడియం లోక్‌సభ స్పీకర్‌గా ఉండగా 2002 మార్చిలో కైకలూరు దగ్గర హెలికాప్టర్‌ ప్రమాదంలో కన్నుమూసిన జీఎంసీ బాలయోగి పేరు మీద ఉంది. చుట్టూ సాఫ్ట్‌వేర్‌ కంపెనీలు, మధ్యలో పచ్చిక. కోడ్‌ రాసేవాళ్లు పని ముగించుకుని నేరుగా మ్యాచ్‌కి వెళ్లగల చోటు.

హైదరాబాద్‌కి ఫుట్‌బాల్‌ కొత్త కాదు. హైదరాబాద్‌ సిటీ పోలీస్‌ జట్టు 1950లోనే డ్యూరాండ్‌ కప్‌ గెలిచింది. దాని కోచ్‌ సయ్యద్‌ అబ్దుల్‌ రహీం. ఆయన శిక్షణలోనే భారత్‌ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించింది, 1956 మెల్‌బోర్న్‌ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ మెల్‌బోర్న్‌ జట్టులోని తులసీదాస్‌ బలరాం పుట్టింది సికింద్రాబాద్‌ శివారు అమ్ముగూడలో.

ఆ వైభవం మళ్లీ వస్తుందనిపించింది 2019లో, ఐఎస్‌ఎల్‌లోకి హైదరాబాద్‌ ఎఫ్‌సీ అడుగుపెట్టినప్పుడు. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్‌. కేరళ బ్లాస్టర్స్‌ ముందంజలో ఉండగా 88వ నిమిషంలో సాహిల్‌ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్‌ లక్ష్మీకాంత్‌ కట్టిమణి గోడలా నిలిచాడు. 3-1తో కప్పు మనది! చిత్రమేంటంటే, కరోనా వల్ల ఆ సీజన్‌ అంతా గోవాలోనే సాగింది. ఛాంపియన్‌గా నిలిచిన ఆ ఏడాది అభిమానులు తమ జట్టు ఆటని గచ్చిబౌలిలో ఒక్కసారీ చూడలేదు.

తర్వాత ఆర్థిక ఇబ్బందులు చుట్టుముట్టాయి. 2023-24 సీజన్‌లో విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. పని పోతే ఫ్రీలాన్సర్‌ ఇంకో క్లయింట్‌ని వెతుక్కుంటాడు. జట్టు పోతే అభిమాని ఏం వెతుక్కోవాలి? మాంచెస్టర్‌, మాడ్రిడ్‌ జట్లు తెరమీద ఎప్పుడూ ఉంటాయి. కానీ బస్సెక్కి వెళ్లి ‘మనవాళ్లు’ అని అరిచే చోటు అవి ఇవ్వలేవు కదా!

తీగ లాగితే పని పల్లెకొచ్చింది. ఆటకు తీగ కూడా అక్కర్లేదు. హైస్కూలు మైదానం, ఒక బంతి, గోలుకి నాలుగు కర్రలు, ఓపికగా నేర్పే మాస్టారు ఉంటే చాలు. భారత ఫుట్‌బాల్‌ని ఆసియా శిఖరానికి ఎక్కించిన రహీం సాబ్‌ కూడా బడిపంతులే మరి.